గదిలో వాక్యం చదువుకుంటున్న తమ్ముడికి

టెక్కలి నుంచి కువైట్ వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా గదిలో నలుగురం విశ్వాసులం. రోజూ రాత్రి ధ్యానాల పుస్తకం చదువుకుంటున్నాం. మొదట్లో బాగుండేది, ఇప్పుడు మొక్కుబడి అయిపోయింది. పుస్తకం మార్చమంటావా?"

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. ఆ నలుగురిలో ఎవరికి రాత్రి నిద్ర పట్టడం లేదో నీకు తెలుసా? తెలియకపోతే ఎన్ని పుస్తకాలు మార్చినా లాభం లేదు.

కొత్తలో నేనూ మీలాగే చేశాను. మన శ్రీకాకుళం వైపు కెనడా బాప్టిస్టు మిషనరీలు నాటిన సంఘాల్లో పెరిగినవాణ్ణి, సండే స్కూలు నుంచే వచనాలు కంఠస్థం. అందుకని చదివేది నేనే, వివరించేది నేనే, ప్రార్థనా నాదే. గంట దాటిపోయేది. ఎండలో డ్యూటీ చేసి వచ్చినవాళ్లు గోడకి జారబడి ఆమెన్ అనేవారు. పైగా ధ్యానం ఒక్క పేజీయే కదా అని బైబిలు తెరవడం మానేశాం. పేజీలోని కథ గుర్తుండేది, పైనున్న వచనం ఎక్కడిదో ఎవరికీ పట్టేది కాదు.

ఒక శుక్రవారం నా గొంతు పట్టేసింది. సోంపేట కుర్రాడి చేత 42వ కీర్తన చదివించాను. కూడబలుక్కుంటూ చదివి, రాత్రీ పగలూ కన్నీళ్లే ఆహారమయ్యాయన్న చోట ఆగిపోయాడు. "నేను వారం నుంచి రాత్రి అన్నం తినడం లేదన్నా. కంచం ముందు కూర్చుంటే ఇల్లే గుర్తొస్తోంది" అన్నాడు. నా పక్క మంచం వాడే. ఆ రోజు వివరణ లేదు. వాడికి వడ్డించి, అందరం కలిసి తిని, అదే కీర్తన మళ్లీ చదివాం. ఎందుకిలా కుంగిపోతున్నావని ఆ భక్తుడు తన ప్రాణాన్నే రెండుసార్లు అడుగుతాడు, 43లో మూడోసారి.

అప్పటి నుంచి బైబిలు భాగం ముందు, ధ్యానం పేజీ తర్వాత. రోజుకొకరు చదవాలి, చదవడం రానివాడు ఫోన్లో ఆడియో బైబిలు పెట్టొచ్చు. నెమ్మదిగా రెండుసార్లు చదివి, కాసేపు మౌనంగా ఉండి, తన మనసుకు తగిలిన మాట ఒక్కొక్కరూ చెప్పాలి. మాట్లాడని వాణ్ణి బలవంతపెట్టకూడదు. అక్కడ చెప్పుకున్నది ఊళ్లోకి ఫోన్లో పోకూడదు. పోయిందా, ఇక ఎవరూ నోరు విప్పరు. అరగంటలో ముగించాలి. ఇలా చేసే మా గది నిలబడింది. అక్కడి నుంచి వేరే క్యాంపులకు వెళ్లినవాళ్లూ కూడికలు పెట్టుకున్నారు.

మీకు వీడియో కాల్ ఉంది, మేం ఫోన్ కార్డు గీక్కుని నాలుగు ముక్కలు మాట్లాడేవాళ్లం. కానీ కాల్ పెట్టేశాక గది ఇంకా బోసిగా అనిపిస్తుందని మీరే అంటున్నారు. పొద్దున్నే స్టేటస్‌లో వాగ్దాన వచనం పెడితే ఆ వెలితి తీరదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ తన సంఘంలోని మనుషుల్ని పన్నెండేసి మంది చొప్పున విడదీసింది చర్చి అప్పు తీర్చడానికి, వారానికో పెన్నీ వసూలుకి. ఆ పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్లిన నాయకులకు ఎవరింట్లో ఏం జరుగుతోందో కళ్లబడింది. క్లాస్ మీటింగులనే ఆ చిన్న గుంపుల కూడికలు అలా పుట్టాయి. మీరు చందా ఎత్తొద్దు గానీ, రెండు రోజులు రానివాడికి మెసేజ్ కొట్టి ఊరుకోకండి, మంచం దగ్గరికి వెళ్లండి.

గదిలో కూడుకోవడానికి నియమాలేమిటో మీ బస చూసుకునే క్యాంప్ బాస్‌నీ పాస్టరు గారినీ అడుగు. వేరే మతం వాళ్లు గదిలో ఉంటే వాళ్లని అడిగి టైము పెట్టుకోండి, పాట గొంతు తగ్గించి పాడండి. నలుగురిలో ఒకడికి నైట్ డ్యూటీ పడితే వాడు బస్సెక్కే ముందు పది నిమిషాలు చదవండి. మిగతా ముగ్గురూ టీ తర్వాత తాగొచ్చు.