ఇద్దరు చిన్నపిల్లలతో ఇంట్లోనే హ్యాండ్‌బ్యాగులు కుట్టి అమ్మడం కుదురుతుందా?

మీకు నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాప ఉన్నారన్నారు. జాకెట్లు కుట్టడం వచ్చు, ఇంట్లో మిషన్ ఉంది, చేతితో తయారుచేసిన బ్యాగులు అమ్మాలని ఉంది, కానీ పిల్లలతో టైమ్ ఎక్కడ దొరుకుతుంది, ధర ఎలా పెట్టాలి, పెట్టుబడి ఎంత కావాలి అని అడిగారు. నేను విజయవాడలో ఏడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదలుపెట్టే నాటికి మా పాపకు మూడేళ్లు, బాబుకు ఎనిమిది నెలలు. కాబట్టి కుదురుతుంది అని ధైర్యంగా చెప్పగలను. కానీ మొదటి ఏడాది నేను చేసినట్టు చేస్తే మాత్రం కుదరదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట్లో బాబు నిద్రపోగానే మిషన్ ముందు కూర్చునేదాన్ని. వాడు గంటన్నర పడుకుంటాడు, ఆ టైమ్‌లో ఒక బ్యాగు అయిపోతుంది అనుకునేదాన్ని. సరిగ్గా జిప్పు కుడుతున్నప్పుడే లేచేవాడు. సగం కుట్టిన జిప్పు వదిలేసి వెళ్లి, మళ్లీ వచ్చేసరికి గుడ్డ జరిగిపోయేది, విప్పి కుట్టేదాన్ని. విప్పడానికి పట్టే టైమ్ కుట్టడానికి పట్టే టైమ్ కంటే ఎక్కువ. ఆ చిరాకు ఇంకెవరి మీద, పిల్లల మీదే చూపించేదాన్ని. ఒకరోజు మా పాప వచ్చి "అమ్మా, తమ్ముడు లేచాడని నాకెందుకు కోపం చేస్తున్నావ్?" అంది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అప్పుడు కూర్చుని పని మొత్తాన్ని రెండుగా విడదీశాను. ఒకటి, మధ్యలో ఎప్పుడు వదిలేసినా పాడవని పని. అట్టముక్క పెట్టి చాక్‌పీసుతో గీయడం, దారపు పోగులు కత్తిరించడం, జిప్పుకి రన్నర్ (పట్టుకుని లాగే ముక్క) ఎక్కించడం, పట్టీలు తిప్పడం, గుండీలు కుట్టడం, ప్యాకింగ్. ఇవన్నీ పిల్లలు పక్కన ఆడుకుంటుంటే చేసుకోవచ్చు, ఎవరైనా ఏడిస్తే లేచి వెళ్లొచ్చు. రెండోది, ఒక్క ఊపులో చేయాల్సిన పని. గుడ్డ కత్తిరించడం, జిప్పు కుట్టడం, లైనింగ్ కలపడం, చేతిపట్టీలు బిగించడం. వీటికి మాత్రం పిల్లలు ఇంట్లో లేని టైమ్, లేదా ఇంకొకరు వాళ్లను చూసుకునే టైమ్ కావాలి. మా అత్తయ్య సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు వరకు ఇద్దర్నీ పార్కుకు తీసుకెళ్లేవారు. ఆ గంటన్నరలో ఒక బ్యాగు మొదటి నుంచి చివరి దాకా కుట్టడం మానేసి, ముందే సిద్ధం చేసుకున్న పన్నెండు జిప్పులు వరుసగా కుట్టేసేదాన్ని. మర్నాడు పన్నెండు లైనింగులు, ఆ మర్నాడు పన్నెండు జతల పట్టీలు. ముందు ఒక్కో బ్యాగుకి ఫోన్లు, ప్యాకింగ్‌తో కలిపి రెండు గంటలు పట్టేది. ఇలా చేశాక గంటంబావుకి వచ్చింది. మీకు టైమ్ దొరకడం లేదని అనిపిస్తే ముందు ఈ రెండు రకాల పనులూ కాగితం మీద వేరుచేసి రాయండి. మీ దగ్గర నిజంగా ఉన్న టైమ్ ఎంతో అప్పుడు కనిపిస్తుంది.

ఇంకో పెద్ద విషయం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బ్యాగుల మూతలకి వాడే మ్యాగ్నెట్ బటన్లు. బాబుకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒక రాత్రి ఇరవై జతల ప్యాకెట్ చేయి తగిలి కింద పడింది. ఏరి లెక్కపెడితే పంతొమ్మిది జతలే ఉన్నాయి. వాడు అక్కడే కూర్చుని నోరు కదుపుతున్నాడు. నోరు తెరిచి చూస్తే ఏమీ లేదు, మింగేశాడేమో తెలియదు. కాళ్లూ చేతులూ ఆడలేదు. మా వారు ఫోన్ లైటు పట్టుకుని, నేను నేల మీద పాకుతూ వెతికాం. ఆటోకి ఫోన్ చేసి చెప్పులు వేసుకుంటుండగా మిషన్ తొక్కుడు పలక ఇనుముకి అతుక్కుని రెండు బిళ్లలూ కనిపించాయి. అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఒక మ్యాగ్నెట్ మింగితే లోపల ఎక్కడా ఆగకుండా బయటికి వచ్చేసే అవకాశం ఉంది. రెండు మింగితే, లేదా ఒక మ్యాగ్నెట్‌తో పాటు ఇనుప ముక్క మింగితే, పేగుల్లో వేర్వేరు చోట్ల నుంచి ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో ఉన్న పేగు గోడను నొక్కేస్తాయి, రంధ్రం పడుతుంది. అనుమానం వచ్చినా సరే, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రాత్రి తర్వాత బాబుకు నాలుగేళ్లు వచ్చేవరకు మా ఇంట్లో మ్యాగ్నెట్ అన్నది లేదు. కొబ్బరిచిప్ప గుండీ, గుడ్డ ఉచ్చు పెట్టాను. అడిగిన వాళ్లకి కారణం కూడా చెప్పాను. ఒక్కరు కూడా వద్దనలేదు. సూదులైతే ఉదయం ఎన్ని తీశానో రాత్రి అన్నీ లెక్క చూసి డబ్బా మూత పెడతాను. విరిగిన సూది రెండు ముక్కలూ దొరికేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను.

మిషన్ గురించి అడిగారు. జాకెట్లు కుట్టే మామూలు మిషన్‌తోనే మొదలుపెట్టండి, కానీ క్యాన్వాస్, ఫోమ్ కలిపి కుట్టేటప్పుడు 18 నంబరు సూది వేయండి, 14తో కుడితే విరుగుతుంది. పట్టీలకి నూలు దారం కాకుండా పాలిస్టర్ దారం వాడండి. పట్టీ మొదట్లో చదరంగా కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టు వేయాలి. బ్యాగు తెగేది ఎప్పుడూ అక్కడే. తర్వాత ఎప్పుడైనా పవర్ మిషన్ కొంటే సర్వో మోటార్ పెట్టించుకోండి. క్లచ్ మోటార్ మనం కుట్టకపోయినా స్విచ్ వేసినంతసేపూ హోరుమని తిరుగుతూనే ఉంటుంది. సర్వో అయితే పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది, చప్పుడు తక్కువ, కరెంటూ తక్కువే. పిల్లలు నిద్రపోయే ఇంట్లో ఈ తేడా మామూలుది కాదు.

గుడ్డ విషయానికొస్తే నేను ఎక్కువగా పెడన కలంకారీ వాడతాను. పెడన మచిలీపట్నం పక్కనే ఉంటుంది, నేనే వెళ్లి తెచ్చుకుంటాను. లైనింగు, జిప్పులు విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో, దాని చుట్టుపక్కల షాపుల్లో దొరుకుతాయి. చెక్క అచ్చుతో అద్దిన గుడ్డకీ, కలంకారీ డిజైన్‌ని స్క్రీన్ ప్రింట్ చేసిన గుడ్డకీ ధరలో చాలా తేడా ఉంటుంది. అచ్చు గుడ్డని దగ్గరగా చూస్తే ఒక అచ్చు ముగిసి ఇంకో అచ్చు మొదలైన చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది, పువ్వు అంచు కాస్త తప్పుతుంది. నాకు ఆ తప్పిన అంచే ఇష్టం. అక్కడ ఒక మనిషి చేయి ఆగి, మళ్లీ కదిలిందని తెలుస్తుంది. స్క్రీన్ ప్రింట్ వాడితే తప్పేమీ లేదు, కానీ దాన్ని అచ్చు కలంకారీ అని చెప్పి మాత్రం అమ్మకండి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (అక్కడ తయారైన సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే జీఐ గుర్తింపు) ఉంది, దాని వెనుక ఎన్నో కుటుంబాల కష్టం ఉంది. ఏ గుడ్డ తెచ్చినా ముందు ఒకసారి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. నేను ఒకసారి తొందరలో ఆ పని చేయకుండా కుట్టేశాను. వానలో తడిసిన ఎర్ర బ్యాగు రంగు ఒకామె తెల్ల చుడీదార్ మీద దిగింది. బ్యాగు డబ్బులు, డ్రెస్ డబ్బులు రెండూ ఇచ్చాను. మంగళగిరి నూలు గుడ్డ కూడా చాలా బాగుంటుంది, కాకపోతే మెత్తన, లోపల ఫ్యూజింగ్ (ఇస్త్రీ చేస్తే గుడ్డకి అతుక్కునే గట్టి పొర) వేస్తే గానీ బ్యాగు నిలబడదు.

ఇక ధర. మొదటి ఏడాది భుజానికి వేసుకునే బ్యాగు 250కి అమ్మాను. అందరూ బాగుంది, చవకగా ఉంది అన్నారు. చేతి నిండా పని, చేతిలో డబ్బు మాత్రం లేదు. ఒక రాత్రి మా వారు కాగితం తీసుకుని రాశారు. మీటరు 160 పెట్టి తెచ్చిన గుడ్డలో రెండు బ్యాగులు వస్తాయి, అంటే ఒక్కోదానికి 80. లైనింగు 30, ఫోమ్, ఫ్యూజింగ్ 35, జిప్పు, రన్నర్ 12, గుండీ 8, దారం, కరెంటు 10. మొత్తం 175. మిగిలింది 75. పట్టిన టైమ్ రెండు గంటలు. అంటే గంటకి నలభై రూపాయలు కూడా పడలేదు. ఆ కాగితం చూసి ఎంత బాధపడ్డానో చెప్పలేను, పిల్లల దగ్గర నుంచి తీసుకున్న గంటలవి. ఇప్పుడు నా గంటకి వంద వేసుకుంటాను. గంటంబావుకి 125, సామాను 175, పాడైన గుడ్డ, ప్యాకింగ్ కింద 30, అంటే 330 నాకే పడుతుంది. (ఇవి అప్పటి సామాను ధరలు, ఇప్పుడు పెరిగాయి, మీరు మీ లెక్క వేసుకోండి.) దాన్ని 450కి అమ్మడం మొదలుపెట్టాను, ఒకేసారి యాభై బ్యాగులు దాటితే ఒక్కోటి 380. ధర పెంచినప్పుడు కొంతమంది వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చారు. షాపులకి అమ్మాక డబ్బులు ఇస్తామనే పద్ధతిలో ఇవ్వకండి. ఒక షాపులో పద్దెనిమిది బ్యాగులు పెట్టి, ఎనిమిది నెలలు తిరిగి, చివరికి దుమ్ము పట్టిన ఆరు బ్యాగులు వెనక్కి తెచ్చుకున్నాను. మిగతా వాటి డబ్బు రాలేదు.

అసలు ఆదాయం వచ్చేది రిటర్న్ గిఫ్టులతోనే. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు. తాంబూలం సంచీ అంటే చిన్నది, జిప్పు లేదు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. వందల్లో అడుగుతారు. శ్రావణం ఆర్డర్లకి ఆషాఢంలోనే గుడ్డ కత్తిరించి పెట్టుకోవాలి. అయితే ఇక్కడే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక ఓణీల ఫంక్షన్‌కి 120 బ్యాగులు ఒప్పుకున్నాను. ఇంకో వారం ఉందనగా పిల్లలిద్దరికీ ఒకేసారి జ్వరం. ఇద్దరూ ఒళ్లో నుంచి దిగరు. పక్క వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ్ని బతిమాలి, సంచీకి 35 ఇచ్చి సగం కుట్టించాను. అందులో పద్నాలుగింటికి పట్టీలు వంకరగా వచ్చాయి, రాత్రి రెండింటి వరకు విప్పి కుట్టాను. ఆవిడ తప్పు కాదు, ఎప్పుడూ కుట్టని మోడల్ చేతికిచ్చి రెండు రోజుల్లో కావాలన్నాను. అప్పటి నుంచి పని లేని రోజుల్లోనే ఆవిడతో నెలకి పది సంచీలు కుట్టిస్తున్నాను. చేయి తిరిగింది, ఇప్పుడు నాకంటే నీటుగా కుడతారు. పది రోజుల్లో చేయగలిగిన పనికి పదిహేను రోజులు అడుగుతాను, సగం డబ్బు అడ్వాన్సు లేకుండా గుడ్డ కొయ్యను. పిల్లలు చిన్నవాళ్లండీ, జ్వరం వస్తే వారం ఆలస్యం కావచ్చు అని ముందే చెప్పేస్తాను. అలా చెబితే ఆర్డర్ పోతుందని మొదట్లో భయపడ్డాను. ఎక్కువమంది ఆడవాళ్లే కదా, అర్థం చేసుకుంటారు.

పెట్టుబడికి అప్పు చేయకండి, మొదట ఐదారు వేలు చాలు. పని పెరిగాక పవర్ మిషన్ కొనాలనుకుంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. దానికి ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి. 2020 జులై నుంచి వచ్చింది, ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. డబ్బులు అడిగే సైట్లు కూడా అచ్చం అలాగే కనిపిస్తాయి, ప్రభుత్వ సైటేనా కాదా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలు. వేరే రాష్ట్రాలకి పంపేటప్పుడు నియమాలు వేరు, ఒకసారి అకౌంటెంట్‌ని అడగండి.

మీ బాబుకి నాలుగేళ్లు కదా, వాడికీ ఓ పని ఇవ్వండి. మా పాప రన్నర్లని రంగుల వారీగా గిన్నెల్లో వేసేది, ఎర్రవి ఒక గిన్నెలో, నల్లవి ఒక గిన్నెలో. ఏడాదిన్నర పాప చేతికి అందని ఎత్తులో, టేబుల్ మీద చేయించండి.

అన్నిటికంటే ముందు ఐదే ఐదు బ్యాగులు కుట్టండి. అమ్మకండి. రోజూ ఆఫీసుకో, స్కూలుకో, కూరగాయలకో వెళ్లే ఐదుగురికి ఇచ్చి, బరువులు వేసి వాడమనండి. మూడు నెలలయ్యాక ఆ ఐదూ వెనక్కి తెప్పించి పట్టీల మొదళ్లు, జిప్పు చివరలు, అడుగున మూలలు చూడండి. ఎక్కడ దారం లేచిందో అక్కడ కుట్టు మార్చి, అప్పుడు ఆరో బ్యాగుకి ధర పెట్టండి.