కార్జంలో నీటి బుడగ: తప్పు మటన్‌ది కాదు

(పశువైద్యుడి జవాబులు)

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. కుడి డొక్కలో బరువుగా ఉందంటే స్కానింగ్ తీయించాం. లివర్‌లో 8 సెంటీమీటర్ల హైడాటిడ్ సిస్ట్, అంటే పురుగు వల్ల వచ్చే నీటి బుడగ, ఉందన్నారు. డాక్టరుగారు ముందుగా ‘ఇంట్లో కుక్క ఉందా?’ అని అడిగారు. మేము ఎప్పుడూ కుక్కను పెంచలేదు. ఆదివారం మటన్ మాత్రం తింటాం. దానివల్లే వచ్చిందా? పిల్లలకు అంటుతుందా? సూదితో ఆ నీళ్లు తీసేస్తే సరిపోదా?
- ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. ఇది మనిషి నుంచి మనిషికి రాదు. పిల్లల్ని అమ్మమ్మ పక్కన నిశ్చింతగా పడుకోబెట్టండి. మటన్ తింటే కూడా రాదు. బుడగ ఉన్న కార్జం పొరపాటున తిన్నా మనకు ఈ జబ్బు అంటదు. అది తిన్న కుక్కకు అంటుతుంది. అసలు కథంతా అక్కడే ఉంది.

కుక్క పేగుల్లో ఒక బద్దెపురుగు ఉంటుంది. బద్దెపురుగు అనగానే మూరెడు పొడవు ఊహించుకుంటాం గానీ ఇది మామూలుగా బియ్యపు గింజంత కూడా ఉండదు. దాని గుడ్లు కుక్క మలంలో పడతాయి, కంటికి కనబడవు. గడ్డి మీద పడితే గొర్రె మేస్తుంది. ఆకుకూర మడిలో పడితే మన చేతికి వస్తుంది. కుక్క ఒంటి బొచ్చుకూ అంటుకుని ఉంటాయి. మీ ఇంట్లో కుక్క లేకపోవచ్చు, వీధిలో ఉంటుంది కదా. కడుపులోకి వెళ్లిన గుడ్డు పగిలి, అందులోని పిల్ల పేగు గోడను తొలుచుకుని రక్తంలో కలుస్తుంది. ఎక్కువగా లివర్‌లో ఆగుతుంది, తప్పించుకుంటే ఊపిరితిత్తుల్లో. అక్కడ నీటి తిత్తిలా ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. అమ్మకు ఇది ఎన్నో ఏళ్ల కిందట మొదలై ఉండొచ్చు. ఏ కూర, ఏ కుక్క అని ఇప్పుడు వెతికి బాధపడకండి.

సూది సంగతి. తొందరపడి ఎక్కడంటే అక్కడ గుచ్చనివ్వకండి. ఆ నీళ్లు కడుపులో ఒలికితే ఒక్కసారిగా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావచ్చు, ఒలికిన చోటల్లా కొత్త బుడగలు మొలకెత్తవచ్చు. నీళ్లు తీసి, పురుగును చంపే మందు ఎక్కించి, మళ్లీ తోడేసే పద్ధతి ఉన్నమాట నిజమే. దానికి అనుభవమున్న డాక్టరు ఉండాలి, ముందూ వెనకా ఆల్బెండజోల్ మాత్రలు వాడాలి. బుడగ ఏ దశలో ఉందో స్కానింగ్‌లో చూసి మందులా, సూదా, ఆపరేషనా, ఊరికే గమనిస్తూ ఉండటమా అన్నది తేలుస్తారు. ఆల్బెండజోల్ నెలల తరబడి వాడేటప్పుడు లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. సొంతంగా కొని మింగించకండి.

ప్రశ్న: నాకు 80 గొర్రెలు, మందకు రెండు కుక్కలు. మొన్న అమ్మిన ముసలి గొర్రె కార్జం నిండా నీటి బుడగలేనని మటన్ కొట్టాయన చెప్పాడు. ఏడాదికి మూడుసార్లు నట్టల మందు తాగిస్తున్నా ఇలా ఎందుకైంది?
- ఒక గొర్రెల కాపరి, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, మందు తాగించాల్సింది గొర్రెలకే కాదు, కుక్కలకు కూడా. గొర్రెకు పోసే నట్టల మందు పేగుల్లోని పురుగులకు పనిచేస్తుంది, కార్జంలో పాతుకున్న బుడగను కరిగించదు. ఈ మాట చెప్పడానికి నాకే చాలాకాలం పట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ మంద దగ్గరకు వెళ్లినా గొర్రెల్ని లెక్కపెట్టి మందు రాసిచ్చి వచ్చేవాణ్ని. పక్కనే పడుకున్న కుక్క గురించి ఒక్క మాట అడిగేవాణ్ని కాదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఒక ఆదివారం పొద్దున మాంసం కొట్టులో కళ్లు తెరిచాను. కొట్టాయన కార్జంలోంచి నిమ్మకాయంత బుడగను కోసి వెనక్కి విసిరాడు. కుక్క గాల్లోనే అందుకుంది. రెండో బుడగను నేనడిగి తీసుకుని సత్తు పళ్లెంలో కోశాను. తేట నీళ్లు చిమ్మాయి. లోపలి పొర లేత కొబ్బరి మీగడలా తెల్లగా జారి వచ్చింది. పళ్లెం వంచితే అడుగున సన్నటి ఇసుక పేరుకుంది. ఆ ఇసుకలో ఉన్నవి పురుగు తలలు. కుక్క పేగుల్లోకి వెళితే ఒక్కో తలా ఒక్కో బద్దెపురుగు అవుతుంది. తల ఎత్తి చూస్తే కొట్టాయన కొడుకు, నాలుగేళ్లవాడు, అదే కుక్క మెడ చుట్టూ చేతులేసి కూర్చున్నాడు. దాని నాలుక వాడి చెంప మీద ఉంది.

ఈ జబ్బు ఆగాల్సింది ఇక్కడే, బుడగ కుక్క నోట్లో పడే దగ్గరే. ఐస్‌లాండ్‌లో ఇది ఒకప్పుడు ఇంటింటి జబ్బు. 1863లో హరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి 100 కుక్కల్ని కోసి చూస్తే 28 కుక్కల్లో ఈ పురుగు దొరికింది. ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని వాళ్ల భాషలో అచ్చువేసి ఊరికే పంచారు. బుడగలున్న భాగాలు కుక్కకు వేయవద్దన్నదే అందులో ముఖ్యమైన మాట. తర్వాత చట్టాలు వచ్చాయి. చివరికి ఆ దేశం నుంచి జబ్బే పోయింది. గొర్రెలకు ఈజీ95 అనే టీకా కూడా ఉంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు తయారుచేశారు. చైనా, అర్జెంటీనాలో వాడారు. టీకా వేసినా కుక్కను మాత్రం వదలకూడదు.

మీ కుక్కలకు ప్రాజిక్వాంటెల్ ఇవ్వండి. కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల కుక్కకు 100. అన్ని నట్టల మాత్రల్లోనూ ఈ మందు ఉండదు, డబ్బా మీద పేరు చదివించుకుని కొనండి. కడుపులో చేరిన పురుగు ఆరేడు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలెడుతుంది కాబట్టి ఆరు వారాలకోసారి వేస్తే మేలు. కుదరకపోతే మూడు నెలలకోసారైనా తప్పించకండి. మందు వేశాక రెండు రోజులు కుక్కను కట్టేసి, మలాన్ని లోతుగా పూడ్చండి లేదా కాల్చండి. ఆ పని చేసిన చేతుల్ని సబ్బుతో కడుక్కోండి. మందలో గొర్రె చచ్చినా, కోసినా, కార్జం, ఊపిరితిత్తులు పచ్చివి వేయకండి. అరగంటకు పైగా బాగా ఉడికించండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. మందు వేసిన తారీఖు దొడ్డి గోడ మీద బొగ్గుతో రాసుకుంటే మరిచిపోరు.