తాళంచెవి దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అమెరికా ర్యాప్ గాయని, నటి క్వీన్ లతీఫా గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఐదు పేజీల నిండా అవార్డులే ఉన్నాయి. మనిషి కనబడింది ఒక్కచోట, మూడో పేజీ అడుగున, నువ్వు బ్రాకెట్లలో పెట్టి వదిలేసిన వాక్యంలో: అన్న మోటారుసైకిలు తాళంచెవిని ఆవిడ మెళ్ళో వేసుకునేది అని.

నువ్వు ఆగాల్సింది అక్కడ.

ఆ అన్న పోలీసు ఉద్యోగి, వాళ్ళ నాన్నలాగే. పేరు కూడా నాన్న పేరే, లాన్సలాట్. 1992లో మోటారుసైకిలు ప్రమాదంలో పోయాడు. ఆ బండి చెల్లెలు కొనిచ్చింది. అప్పటికామెకు ఇరవై రెండేళ్ళు. మరుసటి ఏడాది, 1993లో, ఫాక్స్ టీవీలో ఆమె హాస్య ధారావాహిక ‘లివింగ్ సింగిల్’ మొదలైంది. బ్రూక్లిన్‌లో ఒకే ఇంట్లో ఉండే స్నేహితురాళ్ళ కథ. అందులో ఈమె ఖదీజా జేమ్స్, ఒక పత్రిక నడిపే సంపాదకురాలు. ఆ ఎపిసోడ్లు పెట్టుకుని మెడవైపు చూడు. ఖదీజా సోఫాలో కూర్చుని స్నేహితురాళ్ళని ఆటపట్టిస్తుంటే గొలుసుకి ఆ తాళంచెవి వేలాడుతూ కనిపిస్తుంది. నవ్వించాల్సిన పాత్ర, కెమెరా ముందు నిలబడ్డ మనిషి గుండెల మీద మాత్రం అన్న. ఐదు సీజన్లు, 1998 దాకా నడిచిందది. నువ్వు దాన్ని ‘విజయవంతమైన సిట్‌కామ్’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

చాలా ఏళ్ళ కిందట నేనూ ఇలాగే రాశాను. ఒక బుర్రకథ కళాకారిణి మీద వ్యాసం. సన్మానాలు, శాలువాలు, బిరుదులు ఒక్కటీ వదల్లేదు. అచ్చయ్యాక పత్రిక పట్టుకెళ్ళి ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, “బాగుందమ్మా, మరి నా అందెల గురించి ఒక్క ముక్కా రాయలేదేం?” అంది. చేతికి తొడుక్కుని తంబురా మీద తాళం వేసే అందెలు అవి. చూరుకి కట్టిన గుడ్డసంచీలోంచి తీసి నా చేతిలో పెట్టింది. లోపలివైపు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఆ నునుపు ఇప్పటికీ నా వేళ్ళకి గుర్తుంది. అది రాయాల్సింది అప్పుడు, రాయలేదు.

ఇక నీ రెండో పేజీ. “సంగీతాన్ని వదిలి నటన వైపు మళ్ళింది” అన్నావు. తారీఖులు చూసుకో తల్లీ. తొలి ఆల్బమ్ 1989, పందొమ్మిదేళ్ళప్పుడు. సినిమాలో మొదటి చిన్న పాత్ర 1991, హోటల్లో వడ్డించే అమ్మాయిగా. ‘బ్లాక్ రైన్’ ఆల్బమ్, ‘లివింగ్ సింగిల్’, రెండూ 1993లోనే. ధారావాహిక మొదట్లో వచ్చే పాట కూడా ఆవిడ పాడిందే. వదలడం ఎక్కడుంది ఇందులో? మన సౌకర్యానికి మనం జీవితాన్ని ముందు భాగం, వెనక భాగం అని కోసేస్తాం.

నా మాట వినగలిగితే, నీ వ్యాసానికి వెన్నెముక ఇది: నటి ఆ ర్యాప్ పాటల్లోనే ఉంది. ‘యూ.ఎన్.ఐ.టీ.వై.’ పాట తీసుకో, యూనిటీ, అంటే ఐకమత్యం. మూడు చరణాలు, మూడు దృశ్యాలు. మొదటిదాంట్లో ఎండాకాలం, పొట్టి నిక్కరు వేసుకుని వీధిలో నడిచిపోతోంది. వెనకనుంచి ఒకడు చెయ్యి వేస్తాడు. ఆమె గిర్రున తిరుగుతుంది. వాడు బూతుమాట విసురుతాడు. కంటి మీద ఒక్కటి గుద్ది, ఎవర్నిరా ఆ మాటన్నావ్ అని నిలదీస్తుంది. రెండో చరణంలో ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడది. మూడోదాంట్లో రౌడీల వెంట తిరుగుతూ తానూ అంతటిదాన్నే అనుకుంటున్న పిల్ల, ఆ పిల్లకి ఒక అక్కలా బుద్ధి చెప్పడం. ప్రతి చరణంలో మాట్లాడే మనిషికి ఎదురుగా ఇంకో మనిషి ఉన్నాడు. స్వరం వాళ్ళని బట్టి మారుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, మాట ఎక్కడ విరిచి బీట్ మీద వెయ్యాలి, ఎక్కడ గమ్మున ఉండాలి, ఇదంతా నటన కాకపోతే మరేమిటి? 1995లో ఆ పాటకి సోలో ర్యాప్ విభాగంలో గ్రామీ వచ్చింది. నువ్వు గ్రామీ సంగతి రాసి పాట సంగతి వదిలేశావు.

దాని తర్వాత 1996 నాటి ‘సెట్ ఇట్ ఆఫ్’ చూడు. లాస్ ఏంజెలెస్‌లో బ్యాంకులు కొట్టే నలుగురు ఆడవాళ్ళలో ఈమె క్లియో. ఆడవాళ్ళని ప్రేమించే, భయం తెలియని క్లియో చివరికి పోలీసులకి ఎదురుగా వెళ్ళి చచ్చిపోతుంది. ఆ పాత్ర ‘యూ.ఎన్.ఐ.టీ.వై.’ మూడో చరణంలోని పిల్లకి పెద్దయ్యాక పట్టిన గతిలా నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, నీకు అలా తోచకపోతే రాయకు.

పుట్టుక, చదువు గురించి రెండు పేజీలు ఎక్కువ. అందులో ఉంచుకోవాల్సినవి నాలుగే. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో 1970లో డేనా ఓవెన్స్‌గా పుట్టింది. ఎనిమిదేళ్ళప్పుడు అరబ్బీ పేర్ల పుస్తకం తిరగేసి తనకి తానే లతీఫా అని పెట్టుకుంది. మృదువైనది, దయ గలది అని అర్థం. హైదరాబాదులో లతీఫ్‌లూ లతీఫాలూ మనకి కొత్తేం కాదు కదా, ఆ సంగతి ఒక వాక్యంలో చెబితే చదివేవాళ్ళకి దగ్గరవుతుంది. బడిలో బాస్కెట్‌బాల్ ఆడింది. అమ్మ రీటా అక్కడే టీచరు. బడి డాన్సు కార్యక్రమానికి మార్క్ ది 45 కింగ్ అనే డీజేని పిలిపించింది ఆ అమ్మే. తర్వాత కూతురి డెమో టేపు చేసింది ఆయనే. అది ఒక్కో చెయ్యి దాటి టామీ బాయ్ రికార్డ్స్ అనే పాటల కంపెనీకి చేరింది. టీచరమ్మ ఆ రోజు ఆయన్ని పిలవకపోతే అని ఒక్క క్షణం ఆలోచించి ఆ పేరా రాయి.

మరో సంగతి. 2003 గురించి నువ్వు సగమే రాశావు. ‘షికాగో’లో ఆడఖైదీల మీద పెత్తనం చేసే జైలు మేట్రన్ పాత్రకి సహాయనటిగా ఆస్కార్ నామినేషన్, అదే సినిమాలో నటించిన కేథరిన్ జీటా జోన్స్‌కి అవార్డు, ఆ రాత్రి ఇద్దరూ కలిసి వేదిక మీద పాడటం, ఇదంతా బాగుంది. కానీ ఆ నెలలోనే ‘బ్రింగింగ్ డౌన్ ది హౌస్’ విడుదలైంది. డబ్బు బాగా తెచ్చింది, నల్లజాతి వాళ్ళ మీదున్న పాత మూసల్నే వాడుకుందని తిట్లూ తిన్నది. ఆమె అందులో నటే కాదు, కార్యనిర్వాహక నిర్మాత కూడా. తొలి ఆల్బమ్‌లోని ‘లేడీస్ ఫస్ట్’ పాట వీడియోలో, అప్పటికింకా తెల్లవాళ్ళ జాతివివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికా పటం ముందు నిలబడి, దాని మీది బొమ్మల్ని పడగొట్టి నల్ల పిడికిళ్ళు నిలబెట్టిన మనిషి ఆ సినిమా ఎందుకు చేసింది? జవాబు నువ్వు చెప్పనక్కర్లేదు. ప్రశ్న దాచిపెట్టకు. ఇష్టమైన మనిషి గురించి రాసేటప్పుడు చెయ్యి తడబడేది సరిగ్గా అక్కడే. నువ్వు తడబడ్డావని చదువుతుంటే తెలిసిపోతోంది.

హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో నక్షత్రం దక్కిన తొలి హిప్‌హాప్ కళాకారిణి, 2006. అమెరికాలో కళాకారులకిచ్చే కెనెడీ సెంటర్ గౌరవం అందుకున్న మొదటి మహిళా ర్యాపర్, 2023. అదే ఏడాది తొలి ఆల్బమ్‌ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చింది. ఈ మూడూ ఉంచు, చివర్లో ఒక్క పేరాలో. మిగతావన్నీ కొట్టెయ్. పెన్సిల్‌తో గీతలు పెట్టాను, ప్రతి గీత వెయ్యడానికీ నాకు మనసొప్పలేదు, ఎంత తిరిగి పోగుచేశావో కాగితంలో కనిపిస్తోంది.

భాష గురించి ఒక్కటే. ‘అప్రతిహతం’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ లాంటి మాటలు ఎవరికైనా అతుకుతాయి. ఆమె వీధి భాషలో పాడింది. నువ్వు మీ వీధి భాషలో రాయి, అమ్మతో మాట్లాడినట్టు.

దసరాలోపు మళ్ళీ పంపు. మొదటి పేరాలో నాకు సోఫా, నవ్వు, గొలుసు, ఆ తాళంచెవి కనబడాలి. ఆ బండి ఎవరు కొన్నారో మాత్రం అక్కడే చెప్పెయ్యకు, రెండు పేజీలు ఆగు.

ఆశీస్సులతో.