కంట్రీ పాటకు రేడియోలో చోటు ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్తూ కారులో, అమెరికా పల్లె బాణీల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతం స్టేషన్ వింటాను. నెలల తరబడి అవే పాతిక ముప్పై పాటలు మార్చి మార్చి వేస్తున్నారు. మా ఇంటి దగ్గరి హోటల్లో శనివారాలు గిటార్ పట్టుకుని పాడే ఒక అమ్మాయి వాళ్లలో చాలామంది కంటే బాగా పాడుతుంది. ఆమె పాట రేడియోలో ఒక్కసారి కూడా వినలేదు. వెనకాల రికార్డు కంపెనీ లేకపోతే రేడియో తలుపు తెరుచుకోదని ఆమె అంటోంది. నిజమేనా? కంపెనీ అసలు ఏం చేస్తుంది?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆమె మాటలో ఎక్కువ భాగం నిజమే. కానీ కంపెనీ డబ్బు పెడితే చాలు, ఎవరి పాటైనా రేడియోలో మోగుతుందనుకుంటే పొరపాటు. కంపెనీ ఒక పాటకు ప్రధానంగా సమకూర్చేది వ్యవధి. వినేవారికి ఆ పాట అలవాటయ్యేదాకా దాన్ని స్టేషన్ల జాబితాలోంచి జారిపోకుండా కాపాడటమే ప్రమోషన్ విభాగం చేసే పని.

మన సినిమా పాటకు సినిమా తోడుంటుంది. హీరో ఉంటాడు, ట్రైలర్ ఉంటుంది, విడుదల తేదీ ఉంటుంది. కంట్రీ సంగీత పరిశ్రమకు కేంద్రమైన నాష్‌విల్ నగరంలో రికార్డయిన కొత్త గాయకుడి పాట ఇవేవీ లేకుండా ఒంటరిగా వస్తుంది. దాన్ని అందుకోవలసిన ప్రోగ్రామ్ డైరెక్టర్, అంటే స్టేషన్‌లో ఏ పాటలు వేయాలో నిర్ణయించే మనిషి, పరిస్థితి కూడా చూడండి. స్టేషన్ బతికేది ప్రకటనల మీద. తెలియని పాట మొదలవగానే కారులో ఉన్న శ్రోత బటన్ నొక్కి పక్క స్టేషన్‌కు వెళ్లిపోతే ఆదాయానికి గండి పడుతుంది. అందుకే వారానికి ఒకటో రెండో కొత్త పాటలకు మించి ఆయన జాబితాలో చేర్చుకోడు. ఆ ఒకటి రెండు చోట్ల కోసం నాష్‌విల్ కంపెనీలన్నీ పోటీ పడతాయి.

ఒక్కో కంపెనీ దేశాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, ప్రాంతానికో ప్రతినిధిని పెట్టుకుంటుంది. రేడియోలో వినబడే పాటలకు స్థానాలిచ్చే, బిల్‌బోర్డ్ సంగీత పత్రిక వారి కంట్రీ ఎయిర్‌ప్లే చార్టుకు లెక్కలోకి వచ్చే స్టేషన్లు సుమారు 150 మాత్రమే. ఆ స్టేషన్ల ప్రోగ్రామ్ డైరెక్టర్లందరినీ పేరు పేరునా ఎరిగి ఉండటం, వారం వారం ఫోన్ చేయడం, ఫలానా ఊళ్లో ఈ పాటకు ఆదరణ పెరుగుతోందని అంకెలు చూపించి మీరు కూడా వేయండని ఒప్పించడం ఆ ప్రతినిధుల ఉద్యోగం. కొత్త గాయకులనైతే రేడియో యాత్రకు పంపుతారు. తెల్లవారుజామున విమానం దిగి, ఏదో ఊళ్లోని స్టేషన్‌లో సమావేశాలు జరిగే గదికి వెళ్లి, బల్ల చుట్టూ కూర్చున్న ఐదారుగురు ఉద్యోగుల ముందు మైకు లేకుండా గిటార్‌తో మూడు నాలుగు పాటలు పాడి, ఫొటోలు దిగి, మధ్యాహ్నానికి మరో ఊరు చేరుకోవాలి. నెలల తరబడి ఇదే పని. ఈ ప్రయాణాలకు, హోటళ్లకు, జీతాలకు అయ్యే ఖర్చును సొంతంగా పాడుకునే గాయని భరించలేదు. మీకు తెలిసిన అమ్మాయికి, రేడియోలో వినిపించే గాయకులకు తేడా మొదలయ్యేది అక్కడే.

జాబితాలో చేరినంత మాత్రాన మీరు ఆఫీసుకు వెళ్లే వేళ ఆ పాట వినబడదు. చాలా స్టేషన్లు కొత్త పాటను మొదట అర్ధరాత్రి దాటాక వేస్తాయి. అక్కడి నుంచి సాయంత్రానికి, ఆ తర్వాత ఉదయానికి రావాలంటే కంపెనీ వదలకుండా వెంటపడాలి. ఈ మధ్యకాలంలో ఒక కంట్రీ పాట చార్టు అడుగు నుంచి పైకి ఎక్కడానికి 40, 50 వారాలు పట్టడం మామూలయింది. ఏడాది పొడుగునా ఒకే పాట మీద మనుషుల్ని, డబ్బును ఉంచగలిగేది పెద్ద సంస్థే. 30వ స్థానం దగ్గర కంపెనీ ఆశ వదులుకుని ఫోన్లు ఆపేస్తే, మూడు నాలుగు వారాల్లో ఆ పాట కనబడకుండా పోతుంది. అంత కష్టపడి మొదటి స్థానానికి చేరిన పాటల్లో చాలావాటికి అక్కడ దక్కేది ఒక్క వారమే. మరుసటి వారానికి ఇంకో కంపెనీ పాట సిద్ధంగా ఉంటుంది. అందుకని ఎయిర్‌ప్లే చార్టులో మొదటి స్థానాన్ని చూసినప్పుడు, ప్రజల ఇష్టంతో పాటు ఒక కంపెనీ ఓపికను కూడా చూస్తున్నామని నేను అనుకుంటాను.

పూర్వం ఇంత యంత్రాంగం లేదు. 1960లో లొరెట్టా లిన్ అనే కంట్రీ గాయని తన మొదటి పాటను జీరో రికార్డ్స్ అనే చిన్న కంపెనీకి పాడారు. ఆ కంపెనీకి ప్రమోషన్ విభాగం లేదు. ఆమె, భర్త కలిసి రికార్డులను టపాలో స్టేషన్లకు పంపి, ఆ తర్వాత కారులో రికార్డులు వేసుకుని ఊరూరా తిరిగారు. కారులోనే తిని, కారులోనే పడుకుని, దారిలో కనబడిన ప్రతి స్టేషన్ మెట్లెక్కి, మా పాట ఒక్కసారి వేయండని అడిగారు. ఆ పాట బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో 14వ స్థానానికి చేరింది. ఆ అక్టోబరులోనే ఆమె నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ రేడియో కచేరీ గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద పాడారు. అప్పట్లో స్టేషన్‌లో కూర్చున్న డీజే తనకు నచ్చితే పాట వేయగలిగేవాడు కాబట్టి అది సాధ్యపడింది. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం ఒకే సంస్థ దేశవ్యాప్తంగా ఇన్ని స్టేషన్లే ఉంచుకోవాలన్న పరిమితిని ఎత్తివేసింది. ఆ తర్వాత క్లియర్ చానెల్ అనే ఒక్క సంస్థ 1,200కు పైగా స్టేషన్లను సొంతం చేసుకుంది. పాటల నిర్ణయం ఊళ్లోని డీజే చేతిలోంచి సంస్థల కార్యాలయాలకు వెళ్లిపోయింది. ఆ కార్యాలయాల్లో తెలిసిన ముఖాలు ఉన్నది రికార్డు కంపెనీలకే.

టేలర్ స్విఫ్ట్ మొదలుపెట్టింది కూడా పెద్ద కంపెనీలో కాదు. 2005లో పుట్టిన బిగ్ మెషీన్ అనే కొత్త సంస్థలో. కానీ దాని స్థాపకుడు స్కాట్ బోర్షెటా అంతకుముందు పెద్ద కంపెనీల్లో ఏళ్ల తరబడి రేడియో ప్రమోషన్ చేసిన మనిషి. ఏ ఊళ్లో ఎవరిని కలవాలో ఆయనకు తెలుసు. 2006లో తొలి పాట వచ్చినప్పుడు పదహారేళ్ల ఆ అమ్మాయి, వాళ్లమ్మ కూర్చుని సీడీలను కవర్లలో పెట్టి స్టేషన్లకు పంపారు. ఆ తర్వాత నెలల కొద్దీ రేడియో యాత్ర చేశారు. ఆ పాట ఆరో స్థానం దాకా వెళ్లింది. కంపెనీ పరిమాణం కంటే, ఆ పని తెలిసినవారు అందులో ఉన్నారా లేదా అన్నదే ముఖ్యమని నాకు ఈ ఉదంతం చెబుతుంది.

ఒప్పందం ఉన్నా ఫలితం దక్కనివారూ ఉన్నారు. గాయకుడు క్రిస్ స్టేపుల్టన్ తొలి సింగిల్ (విడిగా విడుదల చేసిన పాట) 2013లో పెద్ద కంపెనీ నుంచే వచ్చి 46వ స్థానంలో ఆగిపోయింది. 2015 నవంబరులో కంట్రీ సంగీత సంఘం ఇచ్చే సీఎంఏ అవార్డుల వేదిక మీద పాప్ గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్‌తో కలిసి పాడిన రాత్రి దేశం ఆయన్ను గుర్తించింది, ఆల్బమ్ అమ్మకాల్లో మొదటి స్థానానికి ఎగబాకింది. అంత జరిగాక కూడా ఎయిర్‌ప్లే చార్టులో మొదటి స్థానం 2018లో గానీ రాలేదు. నల్లజాతి గాయని మికీ గైటన్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 2011లో కాపిటల్ నాష్‌విల్ అనే కంపెనీతో ఒప్పందం కుదిరితే, పూర్తి ఆల్బమ్ రావడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. మహిళల పాటల పట్ల కంట్రీ రేడియో చూపే చిన్నచూపు కొత్తది కాదు. రేటింగులు కావాలంటే మహిళల పాటలు తగ్గించుకోవాలని, సలాడ్‌కు పురుషులు ఆకులైతే మహిళలు టమాటా ముక్కలని 2015లో కీత్ హిల్ అనే రేడియో సలహాదారు బాహాటంగానే అన్నారు. ఇలాంటి నమ్మకం పాతుకుపోయిన చోట, మహిళ పాట కోసం అంత ఖర్చెందుకని కంపెనీ కూడా ముందే వెనకడుగు వేస్తుంది. కంపెనీ వెనకడుగు వేసింది కాబట్టి పాట ఎక్కదు, పాట ఎక్కలేదు కాబట్టి నమ్మకం నిజమైనట్టు కనబడుతుంది. ఇది అన్యాయమని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ప్రశ్న: మరి ఇది లంచం కాదా? ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమెరికాలో దీనికి పేయోలా అని పేరు. 1960 నుంచి చట్టం ఉంది. పాట వేసినందుకు డబ్బు తీసుకుంటే ఆ సంగతి శ్రోతలకు ప్రకటించాలి. దాచిపెడితే నేరం. ఏడాది వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా ఉంటాయి. 2005లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ దర్యాప్తు చేసినప్పుడు సోనీ బీఎంజీ కోటి డాలర్లు కట్టి రాజీ పడింది. 2007లో నాలుగు పెద్ద రేడియో సంస్థలు కలిసి కోటీ పాతిక లక్షల డాలర్లు చెల్లించాయి.

ఫోన్ చేసి ఒప్పించడం, గాయకుణ్ణి తీసుకెళ్లి పాడించడం మాత్రం చట్టసమ్మతమే. చిక్కంతా లంచానికి, ఇలా ఒప్పించడానికి నడుమ ఉంది. స్టేషన్ జరిపే ఉత్సవంలో గాయకుడు ఉచితంగా పాడితే, అది స్నేహమా, పాటకు బదులుగా ఇచ్చిన మూల్యమా? శ్రోతలకు చెప్పకుండా, ఉచితంగా పాడినందుకు బదులుగా ఎక్కువసార్లు పాట వేయడం, పాడకపోతే తగ్గిస్తామనడం చెల్లవని 2025 ఫిబ్రవరిలో రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మళ్లీ హెచ్చరించవలసి వచ్చింది.

ప్రశ్న: ఇప్పుడు అందరూ ఫోన్లలోనే పాటలు వింటున్నారు కదా. ఇంకా రేడియో కోసం, కంపెనీ కోసం పాకులాడటం ఎందుకు?
— ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: కొంతవరకు ఆ రోజులు వచ్చాయి. 2023 ఆగస్టులో ఆలివర్ ఆంథనీ అనే గాయకుడు ఏ కంపెనీ లేకుండా ఒక్క వీడియోతో, అన్ని రకాల పాటలకూ కలిపి వేసే బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులో నేరుగా మొదటి స్థానంలో దిగాడు. బిల్‌బోర్డ్ కూడా 2012లో కంట్రీ చార్టును రెండుగా చేసింది. ఒకదానిలో రేడియోతో పాటు స్ట్రీమింగ్ (ఇంటర్నెట్‌లో వినడం), అమ్మకాలు కలుస్తాయి. రెండోది రేడియోలో వేసిన లెక్క మాత్రమే చూస్తుంది. 2024 ఫిబ్రవరిలో పాప్ గాయని బియాన్సే కంట్రీ పాట మొదటి చార్టులో అగ్రస్థానం అందుకున్నా, రేడియో చార్టులో 33వ స్థానం దాటి పైకి రాలేదు. ఆ పాట వచ్చిన కొత్తలో ఓక్లహోమాలోని ఒక చిన్న స్టేషన్‌ను శ్రోత ఒకరు అడిగితే, తమది కంట్రీ స్టేషన్ కనుక బియాన్సే పాటలు వేయబోమని జవాబు వచ్చింది. అభిమానులు పెద్దఎత్తున నిలదీశాక, పాట తమకు చేరనే లేదని చెప్పి, తెప్పించుకుని వేశారు. ప్రపంచంలో అందరికీ తెలిసిన గాయని పాటే అయినా, స్టేషన్‌కు పంపి మాట్లాడే మనిషి అవసరమయ్యాడు.

మరో సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేసినందుకు రాయల్టీ పాట రాసినవారికి, ప్రచురణకర్తకు వెళ్తుంది, పాడినవారికి వెళ్లదు. గాయకుడికి రేడియో వల్ల వచ్చేది పేరు, ఆ పేరుతో అమ్ముడయ్యే కచేరీ టికెట్లు. ఉదయం కారులో విన్నవాళ్లే సాయంత్రం టికెట్ కొంటారు కాబట్టి నాష్‌విల్ ఇంకా రేడియోను వదలలేదు.

డాలస్ పాఠకుడికి ఒక మాట. టెక్సస్‌లో స్థానిక గాయకుల కోసం ప్రత్యేక స్టేషన్లు, ప్రాంతీయ చార్టులు ఉన్నాయి. అక్కడే పెరిగిన ఆరన్ వాట్సన్ పెద్ద కంపెనీ లేకుండానే 2015లో తన ఆల్బమ్‌ను కంట్రీ ఆల్బమ్‌ల చార్టులో మొదటి స్థానానికి తెచ్చారు. అంతకుముందు ఆయన పదిహేనేళ్లు ఊరూరా పాడారు. ఆ అమ్మాయి పాటలు తానే రాసుకుంటున్నదైతే, నాష్‌విల్ ఫోన్ కోసం ఎదురుచూడకుండా ముందు ఈ స్టేషన్లకు వెళ్లమనండి. రాసిన పాటల హక్కులు మాత్రం ఎవరికీ తొందరపడి రాసివ్వొద్దని చెప్పండి.