సీటు కొలత కీలో ఉండదమ్మా

చిరంజీవి అమ్మాయికి, అల్లుడు గారికి ఆశీస్సులు.

అల్లుడు గారు నడిపిన తరువాత నువ్వు ఎక్కితే మీ టయోటా హైలాండర్ కారు సీటు వెనక్కే ఉండిపోతోందని, కీ పాడైందేమో డీలరుకు చూపించాలా అని అడిగావు. అప్పుడే తీసుకెళ్లకు. కీలో సీటు కొలతలేమీ ఉండవు. అది తన నంబరు చెబుతుంది, అంతే. ఆ నంబరు వినబడితే సీటును ఎక్కడికి జరపాలో బండిలోని కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. కాబట్టి కీ బ్యాటరీ మార్చినా సెట్టింగు పోదు. కీయే పోయి కొత్తది కొంటే మాత్రం దాని నంబరు వేరు కనుక మళ్లీ జత చేయాలి.

ఎవరి కీతో తలుపు తెరిస్తే వాళ్ల చోటికి సీటు రావాలంటే, టయోటాలో ఆ పని రెండు విడతలు. చాలామంది మొదటిది చేసి ఊరుకుంటారు. మీ ఇంట్లో జరిగింది కూడా అదేనని నా అనుమానం.

మొదటి విడత నీ సీటు ఉండాల్సిన చోటును బండి మెమరీలో దాచడం. గేరు పీలో (పార్కింగులో) ఉంచి, బండి ఆన్ చేసి, కుదురుగా కూర్చో. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. స్టీరింగు నడిమధ్య నుంచి నీ ఛాతీకి కనీసం 25 సెంటీమీటర్లు, అంటే 10 అంగుళాలు ఉండాలి. ఎయిర్‌బ్యాగు విచ్చుకోవడానికి ఆ చోటు కావాలి, ఇందులో రాజీ పడకు. అద్దాలు కూడా సరిచేసుకున్నాక సీటు మెమరీకి ఉన్న సెట్ (SET) బటన్ నొక్కి, 3 సెకన్లలోపు 1 అని రాసిన బటన్‌ను బీప్ వచ్చేదాకా నొక్కి ఉంచు. అల్లుడు గారిది 2. ఆయన పొరపాటున 1 మీద దాస్తే నీది చెరిగిపోతుంది, బండి ముందుగా అడగదు.

రెండో విడత కీని జత చేయడం. నీ కీ ఒక్కటే నీ దగ్గర ఉండాలి. రెండోది ఇంట్లో వదిలి రా, హ్యాండ్‌బ్యాగు అడుగున కూడా ఉండకూడదు. డ్రైవరు తలుపు మూసి, బండి ఆన్ చేసి, గేరు పీలోనే ఉంచి, 1 నొక్కి నీ సీటు రప్పించుకో. ఆ 1ని వదలకుండా, తలుపు మీది లాక్ స్విచ్‌ను ఏదో ఒక వైపు బజర్ మోగేదాకా నొక్కి పట్టు. బజర్ 3 సెకన్లపాటు ఆగకుండా మోగితే జత కుదరలేదని అర్థం, మళ్లీ మొదలుపెట్టు. ఆ తరువాత అల్లుడు గారు తన కీతో, 2తో ఇదే చేయాలి. రెండు కీలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదానికి రంగు దారం కట్టండి. మేకు మీంచి తీసుకునేటప్పుడు తారుమారైతే ఈ శ్రమంతా వృథా.

తాళం తీసి తలుపు తెరవగానే సీటు కదులుతుంది. అద్దాలు అప్పుడే కదలవు, బండి ఆన్ చేశాక కదులుతాయి. అది లోపం కాదు.

ఇద్దరూ కలిసి బయలుదేరినప్పుడే అసలు చిక్కు. రెండు కీలు దగ్గర్లో ఉంటే బండికి ఎవరి మాట వినాలో తెలియదు. తలుపు పిడి నుంచి సుమారు 70 సెంటీమీటర్ల లోపు ఉన్న కీని అది పసిగడుతుంది. నడపని వాళ్లు తమ కీలో లాక్ బటన్ నొక్కి పట్టుకుని, అన్‌లాక్ బటన్ రెండుసార్లు నొక్కాలి. కీ మీది చిన్న దీపం 4 సార్లు వెలిగితే ఆ కీ నిద్రపోయినట్టే, బండికి కనబడదు. మళ్లీ ఏ బటన్ నొక్కినా లేస్తుంది. బ్యాటరీ ఆదా కోసం పెట్టిన సదుపాయమే అయినా దంపతులకు ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనబడలేదు.

ఇంకొకటి. బండి ఆపి బెల్టు తీస్తే, దిగడానికి వీలుగా సీటు తనంతట తానే వెనక్కి జరుగుతుంది. అది చూసి మెమరీ పాడైందనుకోకండి.

బుజ్జిగాడి సీటు నీ వెనకే ఉందన్నావు. అల్లుడు గారి కీతో తలుపు తెరిచినప్పుడు సీటు వాడి కాళ్ల మీదికి జరగగలదు. వాణ్ని డ్రైవరు వెనక కాకుండా అవతలి వైపుకు మార్చు. ఎప్పుడైనా కదలిక ఆపాలంటే సెట్, 1, 2 గానీ, సీటు జరిపే స్విచ్ గానీ ఏదో ఒకటి నొక్కితే సీటు ఉన్నచోటే ఆగుతుంది. ఇది అల్లుడు గారితో ఒకసారి చేయించి చూడు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క. ఇవన్నీ టయోటా పద్ధతులు. మీ స్నేహితుల ఫోర్డులో అయితే మెమరీ బటన్‌ను రెండో బీప్ వచ్చేదాకా పట్టుకుని, 3 సెకన్లలో కీ మీది లాక్ నొక్కాలి. వాళ్ల బండిలో నీ పద్ధతి పనిచేయదు.