చలికాలంలో పెట్టలకు సాయంత్రం మేతే ముఖ్యం

చిట్టితల్లీ,

నువ్వు పోరంకి నుంచి పంపిన ఫొటోలు చూశాను. ఎర్రపెట్ట మెడ బోడిగా అయిపోయిందనీ, దొడ్డంతా ఈకలేననీ, పది రోజులుగా ఒక్క గుడ్డూ లేదనీ కంగారు పడుతున్నావు. కంగారు పడకమ్మా. మెడ దగ్గర మొదలై వీపు, రెక్కలు, తోక వరకూ వరసగా రాలుతున్నాయంటే పాత ఈకలు వదిలేసి కొత్తవి వేసుకుంటోందన్నమాట. ఈకలు పోయినచోట చర్మం శుభ్రంగా ఉండి, ముల్లులాంటి కొత్త ఈక మొనలు పైకి కనబడుతుంటే అంతా సవ్యంగానే ఉన్నట్టు. చర్మం కంది పుండ్లు పడితే మాత్రం పేలు పట్టాయా, పక్క కోడి పొడుస్తోందా అని చూడాలి.

ఈకలో నూటికి 85 పాళ్ళు మాంసకృత్తులే. గుడ్డుకూ అవే కావాలి. రెండూ ఒకేసారి చెయ్యడం దాని ఒంటికి చేతకాదు. అందుకే ముందు ఈక, తర్వాత గుడ్డు. దీనికి తోడు పొద్దు. డిసెంబరులో మన వైపు వెలుగుండేది 11 గంటల చిల్లర. పెట్ట నిండుగా గుడ్లు పెట్టాలంటే 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. గుడ్లు అమ్ముకునేవాళ్ళు బల్బు వేసి ఆ తేడా పూడుస్తారు. ఇంట్లో తినడానికి ఆరు పెట్టలు పెంచుకునే నీకు ఆ పని వద్దు. వాటికి కాస్త విశ్రాంతి దొరకనీ. ఎప్పుడైనా వెయ్యాల్సొస్తే తెల్లవారుజామున వెయ్యి. రాత్రి వేసి టక్కున ఆపేస్తే పడుకునే కర్ర ఇంకా ఎక్కని కోళ్ళు చీకట్లో తడుముకుంటాయి.

చలికి గుడ్లు మానేశాయని మీ ఆయన నూకలు రెట్టింపు చేశాడన్నావు. ఆ పని వెంటనే ఆపించు. విజయవాడలోనైనా గుంటూరులోనైనా చలంటే రాత్రి 18, 20 డిగ్రీలు, ఏదో ఒక రాత్రి ఇంకాస్త తగ్గుతుంది. ఒంటి నిండా ఈకలున్న కోడికి అదొక చలే కాదు. ఉత్త నూకలు పెంచితే కడుపులో కొవ్వు పడుతుంది. కొవ్వు పట్టిన పెట్ట సంక్రాంతి దాటి పొద్దు పెరిగాక కూడా సరిగ్గా గుడ్డు పెట్టదు. పెంచాల్సింది గింజ కాదు, మాంసకృత్తులు. మార్చాల్సింది మేత వేసే వేళ.

డిసెంబరులో అయిదున్నర దాటగానే చీకటి పడుతుంది, మళ్ళీ ఆరున్నరకు గానీ తెల్లవారదు. పదమూడు గంటల పాటు కోడి ఏమీ తినదు. సాయంత్రం తిని మెడ కింద సంచిలో దాచుకున్నదే రాత్రంతా కొంచెం కొంచెంగా కందనకాయలోకి దిగుతుంది. నువ్వేమో పొద్దున్నే గుమ్మరించి ఆఫీసుకు వెళ్ళిపోతున్నావు. అది తిప్పెయ్యి. పొద్దున నాలుగోవంతు చాలు, మిగతాది సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య పెట్టాలి. నువ్వు రావడం ఆలస్యమైతే అత్తగారికి చెప్పు. గూట్లోకి చేరాక ఒక్కో పెట్ట మెడ మొదట్లో, రొమ్ముకు కుడివైపున వేళ్ళతో తడిమి చూడు. సంచి నిండుగా తగలాలి. తెల్లవారి తడిమితే ఖాళీగా ఉండాలి. పొద్దుటికి కూడా గట్టిగా ముద్దకట్టి ఉంటే అది అరక్కపోవడం, ఆ పెట్టను విడిగా ఉంచి డాక్టరుకు చూపించాలి. రొమ్ము ఎముక కూడా తడుము. కత్తిలా తగిలితే బక్కచిక్కినట్టు, ఎముకే దొరక్కపోతే కొవ్వెక్కినట్టు.

దొడ్లో తిరిగి పురుగూ పుట్రా ఏరుకునే కోడికి రోజుకు 50, 60 గ్రాములు వేస్తే సరిపోతుంది. కట్టేసి పెంచితే 100 నుంచి 120 దాకా కావాలి. కిలో మేతకు నేను కలిపే లెక్క రాసుకో: జొన్నలు, నూకలు, పగలగొట్టిన మొక్కజొన్న అన్నీ కలిపి 600 గ్రాములు, తవుడు 200, తెలగపిండి (నువ్వుల చెక్క) 150, నెత్తళ్ళ పొడి 50. మాంసకృత్తులు నూటికి 16, 17 పాళ్ళు వస్తాయి. వేరుశనగ చెక్క కాదని తెలగపిండి ఎందుకంటావేమో. ఈక కట్టడానికి కావలసిన మిథియోనిన్ నువ్వుల్లో బాగా ఉంటుంది. దాంట్లో లేని లైసిన్ చేపలో దొరుకుతుంది. గానుగ దగ్గర తాజాగా తీసుకో. నెత్తళ్ళు ఉప్పు పట్టించనివే కొను. ఉప్పు చేప కోళ్ళకు విషంతో సమానం. ఆవకాయ కలిపిన అన్నం పళ్ళెం కడిగి దొడ్లో పారబోసే అలవాటు కూడా మానిపించు. చేప పొడి ఈ లెక్క దాటితే గుడ్డు నీచు వాసన వేస్తుంది. మిల్లు తవుడు కొద్దికొద్దిగా తెచ్చుకో, నాలుగు రోజులకే నూనె చెడి కంపు కొడుతుంది.

సంక్రాంతి పుంజులకు బాదం, జీడిపప్పు, కైమా పెట్టే ఇళ్ళల్లో కూడా పెట్టలకు మాత్రం తవుడు దులిపి వదిలేస్తారు. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఏడాది పొడుగునా ఇంటికి గుడ్డు ఇచ్చేది అవే కదా.

ఇక సున్నం, అంటే కాల్షియం సంగతి. గుడ్డు మీద పెంకు కట్టడానికి ఇంచుమించు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి పూటే. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. మేతలో దొరక్కపోతే ఎముకలోంచి లాక్కుంటుంది. నీ దగ్గరున్న రెండు గ్రామప్రియలు ఏడాదికి 200 గుడ్ల దాకా పెట్టే రకం, నాటుపెట్ట 60, 80తో సరి. అందుకని సున్నం ముందు గ్రామప్రియలకే తరుగుతుంది. ఆల్చిప్పలు తెచ్చి పెసరగింజంత ముక్కలుగా దంచు, మెత్తగా పొడి చెయ్యకు. ముక్కలైతే కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. పొడి గబగబా దిగిపోతుంది. మేతలో కలపొద్దు, వేరే మూకుట్లో పెట్టు. కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. పుంజులకు, పిల్లలకు ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మనింటి గుడ్డు పెంకులైతే పెనం మీద వేయించి బాగా నలిపి పెట్టు. పెంకు ఆకారం కనిపిస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయి. తాంబూలం సున్నం దగ్గరికి రానివ్వకు, పేగు కాలుతుంది. కందనకాయ గింజ నూరడానికి గరుకు ఇసుక కూడా కావాలి, ఇల్లు కట్టేచోట అడిగి ఓ గిన్నెడు తెచ్చుకుంటే చలికాలమంతా వస్తుంది.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది బూజు గురించి. మన దగ్గర చలికాలమంటే తుపానుల తర్వాత వచ్చే కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిగ్‌జాం తుపాను తీరం దాటినప్పుడు ఎన్ని పొలాల్లో ధాన్యం తడిసి మొలకెత్తిందో నీకు గుర్తుండే ఉంటుంది. అలా రంగు మారిన గింజ చవగ్గా దొరుకుతుంది, కోళ్ళకేగా అని కొంటారు. కొనకు. తడిసిన మొక్కజొన్నలో, వేరుశనగ చెక్కలో పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టిస్తుంది. అది ఉడకబెట్టినా పోదు, ఎండబెట్టినా పోదు. కాలేయం పాడై పెట్టలు మెల్లగా పాలిపోతాయి, గుడ్లు తగ్గుతాయి, తెగుళ్ళు తేలిగ్గా అంటుకుంటాయి. గుప్పెడు తీసి వాసన చూడు. ముక్కిన వాసన వేసినా, గింజ మొదట్లో నల్లగానో పచ్చగానో మచ్చ ఉన్నా బస్తా వెనక్కి పంపు. మంచి మేతైనా సరే బస్తాను నేల మీద, గోడకు ఆనించి పెట్టకు. కింద బల్ల వేసి, రెండు వారాలకు సరిపడా మాత్రమే ఉంచుకో.

మీ వెనక పొలం వరి కోశాక మినుమో మొక్కజొన్నో వేస్తారు కదా. ఆ విత్తనానికి పురుగు మందు పట్టించి ఉంటుంది, ఎర్రగానో ఊదాగానో రంగు తెలుస్తుంది. విత్తిన వారం పది రోజులు కోళ్ళను అటు పోనివ్వకు. కళ్ళంలో రాలిన మిరపకాయల సంగతీ అంతే. కోళ్ళకు కారం తెలియదు, ఆ ఎరుపు పచ్చసొనకు మంచి రంగు తెస్తుంది కూడా. కానీ పొలం కాయ మీద ఎన్ని మందులు కొట్టారో మనకు తెలియదు. ఇంటి కుండీలో పండిన కాయైతే చిదిపి వెయ్యి.

ఆకుకూర రోజూ ఉండాలి. మునగాకు, అవిసాకు, ముదిరిన తోటకూర కట్టగా కట్టి తల ఎత్తి పొడిచేంత ఎత్తులో వేలాడదియ్యి, కింద వేస్తే తొక్కి పాడు చేస్తాయి. పొద్దున మంచు ఆరాకే గూడు తలుపు తియ్యి. నీళ్ళు పొద్దునా సాయంత్రం మార్చు. పసుపు, వెల్లుల్లి పెడతానంటే పెట్టుకో, కాదనను. కానీ కొక్కెర తెగులుకు (రాణిఖేత్) అవి టీకాకు బదులు కావు. కోడిపిల్లలకు మొదటి వారంలో లాసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా సూది పశువైద్యశాలలో వేయించు. నులిపురుగుల మందు కూడా అక్కడే అడుగు.

మీ బాబాయి ఆదివారం గుంటూరు నుంచి బెజవాడ వస్తున్నారు. రెండు కిలోల తెలగపిండి, ఓ సంచి ఆల్చిప్పలు పంపుతున్నాను. తెలగపిండి మూత బిగువుగా ఉండే డబ్బాలో పొయ్యి. మొదటి మూడు రోజులు పాత మేతలోనే సగం కలిపి అలవాటు చెయ్యి, ఒక్కసారిగా మారిస్తే ముట్టవు. ఎర్రపెట్టకు కొత్త తోక రావడానికి రెండు, మూడు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా దాన్ని ఎత్తుకోవద్దని బాబుకు చెప్పు. కొత్త ఈక మొనల్లో రక్తముంటుంది, నొక్కితే దానికి నొప్పి.

మీ పెద్దమ్మ