కువైట్ షుగర్ క్లినిక్‌లో చేరబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

కువైట్‌లో షుగర్ క్లినిక్‌లో నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. అక్కడ నేను నర్సుగా చేసినప్పుడు తెలుసుకున్నవి, నీకు మొదటి నెలలోనే పనికొచ్చేవి రాస్తున్నాను.

అక్కడ పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 40 మందికి ఊబకాయం. ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. "డబ్బున్నోళ్ళు, ఒళ్ళు వంచరు" అని మనవాళ్ళే తేలిగ్గా అనేస్తారు. నువ్వు ఆ మాట మనసులో కూడా అనుకోకు. 1946లో చమురు ఎగుమతి మొదలయ్యే ముందు తరాల్లో ఆ తీరం మగవాళ్ళు ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాళ్ళు. రెండు మూడు తరాల్లోనే కారు, ఏసీ, పనిమనిషి వచ్చాయి. పైగా ఆ ఎండ! 2016 జూలైలో కువైట్ ఎడారిలోని మిత్రిబాలో దాదాపు 54 డిగ్రీలు నమోదైంది.

క్లినిక్‌కి వచ్చినవాళ్ళ దగ్గర మొదటి రోజే బరువు మాట ఎత్తకు. పెద్దావిడ అయితే పెద్దకొడుకు పేరు కనుక్కుని "ఉమ్ ఫహద్", అంటే ఫహద్ వాళ్ళమ్మ, అన్నట్టుగా పిలువు. పిల్లల గురించి చెబితే దిష్టి తగలకుండా మాషాఅల్లా అను. అప్పుడు ఆమే మాట్లాడుతుంది.

"రోజూ అన్నం ఎంత తింటారు?" అంటే జవాబు రాదు. మజ్బూస్ ఒకే పెద్ద పళ్ళెంలో పెట్టి చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. కింద అన్నం, పైన మాంసం. పెద్దావిడ మంచి ముక్క ఏరి నీ వైపు జరిపితే వద్దనడం కుదరదు. అలాంటి ఇంటికి కప్పులు, గ్రాముల లెక్కల కాగితం ఇస్తే అది హ్యాండ్‌బ్యాగులోంచి బయటికి రాదు. దానికి బదులు ముందు సలాడ్ తినమను. తర్వాత వేరే చిన్న ప్లేటులో ఒక్కసారి వడ్డించుకుని, అంతటితో ఆపమను.

అసలు సంగతి ఇంకొకటి. చాలా ఇళ్ళల్లో ఆ వంట చేసేది ఆవిడ కాదు. రాయచోటి నుంచో రాజంపేట నుంచో కోనసీమ నుంచో వెళ్ళిన మన మనిషే కావచ్చు. మేడమ్ బ్యాగు పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. మేడమ్‌ని అడిగి ఆమెను లోపలికి పిలువు. "నూనె ఎట్లా పోస్తావమ్మా?" అని తెలుగులో అడుగు. డబ్బా వంచి పోస్తానంటే గరిటెతో కొలిచి పొయ్యమని చెప్పు. కానీ ఆ మాట మేడమ్ నోటితో కూడా చెప్పించు. తనంతట తాను నూనె తగ్గిస్తే, రుచి తగ్గిందని తిట్లు తినేది ఆ పిల్లే. ఇది మాత్రం మర్చిపోకు.

గహ్వా, అంటే అరబ్బు కాఫీ, మానమనకు, అందులో చక్కెర ఉండదు. పక్కన పెట్టే ఖర్జూరాలు ఎన్నో అడుగు. పెద్ద మెజూల్ రకం ఖర్జూరం ఒక్కదానిలోనే 16 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. చక్కెర వేసి చిక్కగా కాచే కరక్ చాయ్, డబ్బా జ్యూసులు ముందు తగ్గించాలి. లబన్, అంటే వాళ్ళ మజ్జిగ, తాగొచ్చు.

రంజాన్ నెల రాకముందే డాక్టరు దగ్గరికి పంపు. మాత్రలు, ఇన్సులిన్ మోతాదు, వేళలు మార్చాల్సి రావచ్చు. పగలు షుగర్ పడిపోతే ఉపవాసం వెంటనే విడవాలని ఇంట్లోవాళ్ళకీ చెప్పు. ఇఫ్తార్‌లో సంబూసా (మన సమోసాలాంటిదే), నూనెలో వేయించి పాకం పోసే లుగైమాత్, మళ్ళీ అర్ధరాత్రి గబ్‌గా విందు, వీటి గురించి కూడా మాట్లాడు. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్ళకి, మూడో వంతు ఊపిరికి అన్న ప్రవక్త మాట వాళ్ళకి తెలిసిందే. నువ్వు పాఠం చెప్పినట్టు కాకుండా, గౌరవంగా గుర్తు చెయ్యి.

నడక సంగతికొస్తే, వేసవిలో మాల్‌లోనే నడవమను. ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటపడితే కూతురినో చెల్లెలినో తోడు తీసుకెళ్ళమను. వారానికి 150 నిమిషాలు అని మొదటే చెబితే బెదిరిపోతారు. పది నిమిషాలతో మొదలుపెట్టించు.

బరువు మిషన్ తలుపు దగ్గరుంటే తెర వెనక్కి జరిపించు. అంకె పైకి చదవకు. కాగితం మీద రాసి ఆమెకే చూపించు.

మీ పెద్దమ్మ